జట్టు కింద, కమిటీ పైన

పిల్లల ఫుట్‌బాల్ టోర్నీ ఫ్లెక్సీ చూశారా? పైన నాయకుడు, పక్కన దాత, నడుమ క్లబ్బు అధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడు, గౌరవ సలహాదారు. ఆడే పదకొండు మందికి అడుగున బెత్తెడు జాగా. అందులోనూ సగం మొహాలను మేకులు తినేశాయి.

ఎంపిక మాత్రం పక్కా. పదో నంబరు జెర్సీ అధ్యక్షుడిగారి అబ్బాయిది. బంతులు కొనిచ్చినాయన మేనల్లుడు స్ట్రైకరు. నిజంగా గోల్ కొట్టగలిగే పిల్లాడు లైను అవతల నీళ్ల బాటిళ్లు మోస్తుంటాడు. ‘మా గుంటడ్ని ఎప్పుడు ఆడిస్తారు బాబూ?’ అని వాళ్లమ్మ అడిగితే, ‘ఫ్లెక్సీలో వేశాం కదమ్మా!’ అని జవాబు.

మన విజయనగరం వాళ్లకు ఈ పలుకుబడి ఆట కొత్తేం కాదు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్ మన విజయనగరం సంస్థానపు మహరాజ్‌కుమార్ విజ్జీ. మూడు టెస్టుల్లో కలిపి చేసింది 33 పరుగులు. బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను మాత్రం క్రమశిక్షణ పేరుతో మధ్యలోనే ఇంటికి పంపేశారు. సంస్థానాలు పోయినా సంప్రదాయం నిలిచింది.

అండర్-14 గోల్‌కీపరుకు మీసాలేంటని అడక్కండి. వయసు తేల్చడానికి ఫిఫా 2009 అండర్-17 ప్రపంచకప్పులో మణికట్టుకు ఎంఆర్‌ఐ తీయించింది. సర్టిఫికెట్ చేతిలో ఉండగా మనకు ఎముకల సాక్ష్యమెందుకు?

ఏడు గోల్స్ తేడాతో ఓడొచ్చాక కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. టీ, సమోసాల అనంతరం ఏకగ్రీవ తీర్మానం: కోచ్‌ను తీసేయాలి. క్లబ్బులో జీతం బాకీ ఉన్నది ఆయనొక్కడికే మరి!