పద్దెనిమిది శాతం పుణ్యం

అమెరికాలో మనవాళ్లకు కొత్త జ్ఞానోదయమైంది. ఇల్లు కొనక్కర్లేదు, అద్దెకిచ్చి కారే కుళాయిలు బాగుచేయించక్కర్లేదు. ఎవరో ఒకరు ఇంటి పన్ను కట్టలేకపోతే చాలు. ఆ బాకీ మనం కౌంటీకి, అంటే అక్కడి జిల్లా సర్కారుకి కట్టేస్తే, ఆ ఇంటి మీద ట్యాక్స్ లియెన్ సర్టిఫికెట్ మన చేతికొస్తుంది. ఆ బాకీ మీద ఇంటాయన మనకు కట్టే వడ్డీ? గరిష్ఠంగా ఫ్లోరిడాలో ఏడాదికి 18 శాతం, అరిజోనాలో 16, అయోవాలో నెలకు 2. "గవర్నమెంట్ గ్యారంటీ అండీ!" అని శనివారం జూమ్ క్లాసులో గురువుగారు సెలవిస్తారు. ఆయన వేలంపాటల్లో గడించారా, క్లాసు ఫీజుల్లో గడించారా అని అడగడం గురుద్రోహం.

అవతలివాడి ఇరుకును చూసి వడ్డీకి తిప్పే ఈ పనికే 2015లో విజయవాడలో కాల్‌మనీ అని పేరుపెట్టి కేసులు కట్టారు. పాపం, వాళ్లకు కౌంటీ ముద్ర లేదు.

ఈ సర్టిఫికెట్లు అమ్మే వేలంపాట తీరు కూడా వింతే. మన ఊళ్లో చెరువు పాటైనా, గణపతి లడ్డూ పాటైనా పైకెళ్తుంది. ఫ్లోరిడాలో కిందికి దిగుతుంది. 18 దగ్గర మొదలెట్టి, ఎవరు తక్కువ వడ్డీకి ఒప్పుకుంటే సర్టిఫికెట్ వారిది. పెద్ద పెద్ద ఫండ్లు కంప్యూటర్ల ముందు కూర్చుని పావు శాతం చొప్పున కోసుకుంటూ పోతాయి. గురువుగారి 18 శాతం పాఠంలోనే ఉండిపోతుంది. మన శిష్యుడికి మిగిలేది మడుగులో మునిగిన ప్లాటో, దారి లేని జానెడు చీలికో. పోనీ రెండేళ్లు ఆగి ఇంటి హక్కు పత్రానికి, అదే డీడ్‌కు దరఖాస్తు పెడితే ఇల్లు ఒళ్లో పడుతుందా? పడదు, మళ్లీ బహిరంగ వేలమే.

న్యూజెర్సీలో కొందరు పెద్దమనుషులకు ఈ పోటీ రుచించక, ఏ లియెన్ ఎవరిదో ముందే కూడబలుక్కుని పంచుకున్నారు. బ్రాందీ షాపుల సిండికేట్లు చూసిన మనకిందులో వింతేముంది? అక్కడి ఫెడరల్ న్యాయశాఖకు మాత్రం కోపమొచ్చి, వరసపెట్టి నేరాలు ఒప్పించింది.

ఇక అవతలి పక్షం. మిషిగన్‌లో ఒకాయన బాకీ 8 డాలర్ల 41 సెంట్లు. కౌంటీ ఆ ఇంటిని 24,500కు అమ్మి, మిగులు కూడా జేబులో వేసుకుంది. తప్పని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2020లో చెప్పాల్సి వచ్చింది. మినియాపొలిస్‌లో 94 ఏళ్ల జెరాల్డిన్ టైలర్‌ది ఇంకో కథ. పన్ను 2,300 డాలర్లు, జరిమానాలూ వడ్డీలూ కలిసి 15,000 అయింది. ఫ్లాటు 40,000కు అమ్మిన కౌంటీ మిగతా 25,000 తిరిగివ్వలేదు. ఇవి లియెన్ పాటలు కావు, నేరుగా జప్తులే. ఆకలి మాత్రం ఒకటే. పై 25,000 ముసలావిడదేనని 2023లో అమెరికా సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మండుగురూ ఏకగ్రీవంగా తేల్చారు. అంత మామూలు సంగతికి అంత పెద్ద కోర్టు!

ఈ తీర్పు మన క్లాసులో పాఠ్యాంశం కాదు. ప్రశ్నల వేళలో అడిగేవన్నీ డబ్బు ఎన్నాళ్లకు చేతికొస్తుంది, ఇల్లు ఖాళీ చేయించేదెవరు అనే. క్లాసు ముగియగానే శిష్యుడు హైదరాబాద్‌కు ఫోన్ చేస్తాడు.

"బావా, మన కూకట్‌పల్లి ఫ్లాటు పన్ను కట్టకు. వడ్డీ 90 శాతం మాఫీ అంటూ వన్ టైమ్ సెటిల్‌మెంట్ మళ్లీ ఎప్పుడు పెడతారో కనుక్కో."