గుగ్గిలపు ముక్క ఆత్మకథ

నేను గాయమునుండి పుట్టినదానను. స్విట్జర్లాండు దేశపు పడమటి అంచున ఫ్రాన్సు సరిహద్దు వెంట సాగెడి జురా పర్వతములయందు, శీతకాలమంతయు మంచు మోయుచు నిలుచుండెడి స్ప్రూస్ చెట్ల అరణ్యము కలదు. అందొక వృక్షమునకు గాలివానలో కొమ్మ విరిగి బెరడు చీలిపోగా, ఆ చీలిక గుండ లోనికి బూజులును పురుగులును చొరకుండుటకై ఆ తల్లి స్రవింపజేసిన జిగటరసమే నేను. మీ ఇండ్లలో గుగ్గిలము నిప్పులపై చల్లినపుడు ముక్కునకు సోకెడి ఘాటువంటి ఘాటే నాకును గలదు; దానికి మూలమైన టర్పీను ద్రవ్యములు మనుష్యులకు పరిమళము, శిలీంధ్రములకును బాక్టీరియాలకును విషము.

చీమలతో మా వంశమునకు గల సంబంధము ప్రాచీనమైనది, మొదట క్రూరమైనదియు. బాల్టిక్ సముద్రతీరమున దొరకెడి తృణమణులు మావంటి జిగురే శిలీభూతము కాగా ఏర్పడినవి. వానిలో సుమారు 4 కోట్ల సంవత్సరముల క్రిందట కాలుజారి చిక్కి, ఎత్తిన కాలు ఎత్తినట్లే నిలిచిపోయిన చీమలు నేటికిని కానవచ్చును. ఆ పాపము మాది. అందుచేతనే, చెట్టు మొదట రాలి ఎండి గట్టిపడిన నన్ను ఒక వసంతకాలపు ఉదయమున ఒక పనిచీమ, ఎఱ్ఱని వక్షమును నల్లని పొట్టయు గలది, తన స్పర్శశృంగములతో రెండుమూడు మారులు తడవి, దవడల నడుమ ఇరికించుకొని, తనకన్న పెద్దనైన నన్ను ఆకులమీదుగా ఈడ్చుకొనిపోవుచుండగా నాకు కలిగిన విస్మయమునకు మేర లేదు.

అది నన్ను చేర్చిన పుట్టను మీ ఊరి పొలిమేరలలో చెదలు పెట్టెడి మట్టిపుట్టవలె ఊహింపవలదు. ఎండిన స్ప్రూస్ సూదులును పుల్లలును లక్షలకొలది కూర్చిన గుమ్మట మది. అట్టి పుట్టలు ఈ జాతి చీమలకు ఒక్కచోటనే వేయికి మించి, బాటలతో ఒకదానికొకటి ముడివడి, మహానగరమువలె నుండుట జురాలో కలదు. ఒక్కొక్క పుట్టలో రాణులే వందలు. ఇంత ఇఱుకున, ఇంత వెచ్చదనమున, ఒకరి నోటి ఆహారము ఒకరికందించుకొనుచు బ్రదుకు ఈ జనమునందు ఒక్క రోగము ప్రవేశించినచో ఏమగును? లోనికి వచ్చిన తొలినాటనే నన్ను భయపెట్టిన ప్రశ్న యిది.

ఆ భయమునకు పేరు మెటరైజియం. నేలలో నుండెడి శిలీంధ్ర మది. దాని సిద్ధబీజములు చీమ పైపెంకు నంటుకొని, మొలకెత్తి, పెంకును తొలుచుకొని లోనికి దిగును. చీమ మరణించిన పిమ్మట ఆ కళేబరముమీద ఆకుపచ్చని పొడి లేచును. ఆ పొడియే మరల వేలకొలది బీజములు.

అట్టి బీజములు వీపున మోసికొని వచ్చిన చీమ నొకదానిని నేను అతి సమీపమునుండి చూచితిని. అది ద్వారము దాటినదో లేదో, ఇద్దరు తోబుట్టువులు ఎదురువచ్చి, ఒకటి నడుమును మఱియొకటి మెడక్రిందను నాకసాగినవి. ఆ చీమ కాళ్లు ముడుచుకొని, కదలక, తల్లిచేత తలదువ్వించుకొను బిడ్డవలె ఒదిగి నిలిచెను. నాకిన బీజములు మ్రింగుడుపడలేదు. చీమల నోటిలోపల చిన్న సంచియొకటి కలదు, అందు చేరిన మలినము ఉండగా కట్టుకొనును, ఆ ఉండను అవి వెలుపల ఉమిసివేయును. ఈ శుశ్రూష నిరపాయమైనది కాదు. అయినను, ఈ చీమలకు దూరపు చుట్టములైన లేసియస్ చీమలలో 2012లో శాస్త్రజ్ఞులు కనుగొన్న విశేష మొకటి కలదు: రోగిని నాకిన చీమలకు స్వల్పముగా సోకిన ఆ అంటు వానిని చంపుటకు మారుగా, లోపలి రక్షణశక్తిని మేల్కొల్పును. పూర్వము మశూచికి వేసిన టీకా తలపునకు వచ్చును.

ఇక నా వృత్తి. నన్నును నావంటి ముక్కలను చీమలు యాదృచ్ఛికముగా పడవేయవు. పిల్లలకు, అనగా తమను తాము నాకి శుభ్రపఱచుకొనజాలని మెత్తని డింభకములకు, చేరువగా ఉంచును. లోజాన్ విశ్వవిద్యాలయమున మిషెల్ షాపుయిజా, ఫిలిప్ క్రిస్త్ ప్రభృతులు 2003 మొదలుకొని మమ్ము పరీక్షించిరి. మేమున్న చోట సూడోమొనాస్ బాక్టీరియా సోకిన చీమలును పిల్లలును, మెటరైజియం సోకిన పిల్లలును, ఎక్కువగా బ్రదికి బయటపడుచున్నట్లు 2007లో ప్రకటించిరి. పెద్దపుట్ట యొకదానిలో ఇరువది కిలోల వఱకు మేముండవచ్చును. నాకు అన్నిటికన్న ఆశ్చర్యము గొలిపినది వేఱొకటి: రోగము వచ్చినదని చీమలు మమ్ము తెచ్చుట లేదు. రోగమున్నను లేకున్నను తెచ్చుచున్నవి. మేము ప్రక్కనుండగా చీమలు తమ దేహములోని రక్షణశక్తిని తక్కువగా వ్యయపఱచుటయు తెలిసినది. వాన కురియకమున్నే ఇల్లు కప్పుకొను రైతును తలచుకొని నేను ఈ చీమలకు నమస్కరించుచుందును.

అయినను ఆ రక్షణ నాదొక్కదానిదే అని చెప్పికొన్నచో అసత్యమగును. పనిచీమలు నా సమీపమున మెలగునపుడు తమ విషగ్రంథిలోని పిపీలికామ్లమును నాపై పూయును. నా ఘాటునకు ఆ పులుపు తోడైనపుడు బూజును అణచు శక్తి ఇనుమడించునని, అదే పుట్టలోని పుల్లలకును రాళ్లకును అట్టి శక్తి రాదని 2017లో అదే విశ్వవిద్యాలయమువారు నిరూపించిరి. చెట్టు తన గాయమునకు చేసికొన్న మందు, చీమ తన శత్రువునకై దాచుకొన్న విషము, రెండును ఒక పసిదాని పడకప్రక్కన కలిసికొన్నవి.

నేను చూచిన ఆ రోగి గతి యేమైనదని మీరడుగవచ్చును. మూడవనాడు అది తానుగా ద్వారమువైపు నడచిపోయెను. మరల లోనికి రాలేదు. అది దారితప్పినదని నేను మొదట తలచితిని. తరువాత తెలిసినది: టెమ్నోథోరాక్స్ అను మఱియొక జాతిలో మరణాసన్నములైన చీమలు గంటలకు, ఒక్కొక్కప్పుడు దినములకు ముందే పుట్టను విడిచి ఏకాంతమున ప్రాణములు వదలునని 2010లో జర్మనీదేశపు పండితులు వ్రాసిరి. నా చీమ మనసు నాకు తెలియదు. అది వెళ్లుచు నా అంచును ఒక్కమారు తాకెను, అంతమాత్రము నిజము.

ఇప్పుడు మఱల వసంతము. గుమ్మటముపై ఎండ కాచుకొని వచ్చిన చీమలు ఆ వేడిమిని ఒంటితో మోసికొని లోనికి దిగుచున్నవి. ఆ వెచ్చదనమునకు నా గట్టిదనము కొంచెము సడలి నా సువాసన బయటపడుచున్నది. నా ప్రక్కన నిన్న చేర్చిన డింభకములు తెల్లగా, బియ్యపు గింజలవలె పడియున్నవి. పనిచీమ యొకటి వచ్చి, పొట్టను ముందునకు వంచి, నా మీద ఒక తడి చుక్క ఉంచి, మఱియొక ముక్కకై వెలుపలికి పోవుచున్నది.