పచ్చిముల్లంగి మొర

నేను ముల్లంగిని. మీ ఇళ్ళలో అయితే సాంబారులో ఉడికి, పరువుగా పోయేదాన్ని. నా రాత అమెరికాలో, క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో, ఒక గిన్నెలోకి ఈడ్చింది. అదీ పచ్చిగా.

ఆ గదిలోనే చిన్న ఓవెన్ పెట్టి చాక్లెట్ బిస్కెట్లు కాల్చారు. గదంతా ఒకటే ఘుమఘుమ. తెచ్చి నా పక్కనే పేర్చారు. ఇక నా మొహం ఎవరు చూస్తారు? ఒక పూట తిండి మానేసి వచ్చిన విద్యార్థులను రుచి పరీక్ష అని చెప్పి కూర్చోబెట్టారు. కొందరికి బిస్కెట్లు. కొందరికి మాత్రం ముల్లంగే తినాలని షరతు. చెప్పి బయటికెళ్ళి, అద్దం చాటు నుంచి కనిపెట్టారు. ఒకరు బిస్కెట్ చేతిలోకి తీసుకుని, వాసన చూసి, మళ్ళీ పెట్టేశారు. ఆనక నా తోబుట్టువును కరకర నమిలారు. ఆ నమలడంలో మా మీద ప్రేమేం లేదు.

తర్వాత పెన్సిల్ ఎత్తకుండా, గీసిన గీత మీద మళ్ళీ గీయకుండా గీయమని బొమ్మలిచ్చారు. అవి అయ్యే పనులు కావు. బిస్కెట్లు తిన్నవాళ్ళు సుమారు 19 నిమిషాలు తంటాలుపడ్డారు. మావాళ్ళు 8 నిమిషాలకే చేతులెత్తేశారు. నిగ్రహం ఒకచోట ఖర్చయితే ఇంకోచోటికి మిగలదని మనస్తత్వ శాస్త్రవేత్త రాయ్ బామైస్టర్ బృందం 1998లో తేల్చింది. జనవరి ఒకటిన పట్టిన పట్టు నాలుగో తారీఖుకే సడలినవాళ్ళకు అప్పట్నుంచి నేనే సాకు.

2016లో 23 ప్రయోగశాలలు రెండు వేల మందికి పైగా మనుషులతో ఆ మాటను మళ్ళీ తూచాయి. తేడా దాదాపు సున్నా. ఈసారి పద్ధతి వేరు, నన్ను పిలవనే లేదు.

నిగ్రహం లెక్క తేలకపోయినా, అలవాటు దారి వేరు. మనసును ఆపుకునేటప్పుడు మీ నుదుటి వెనకున్న మెదడు భాగం కష్టపడుతుంది. అదే పని అలవాటై, లోపలి బేసల్ గాంగ్లియా అనే భాగంలో వేరూనితే తలుచుకోకుండానే జరిగిపోతుంది. నేను ఊరడానికి నెల చాలు. అలవాటు ఊరడానికి సగటున 66 రోజులని 2010లో అచ్చయిన లండన్ అధ్యయనం లెక్క. కొందరికి 18, కొందరికి 254. మధ్యలో ఒకరోజు తప్పినా కొంప మునగదట.

ఇంకో సంగతి. మా గిన్నె ముందు కూర్చున్నవాళ్ళలో ఒక్కరూ షరతు తప్పలేదు. వాళ్ళ అవస్థంతా పక్కనున్న బిస్కెట్ల పళ్ళెంతోనే. దాన్ని అక్కడ పెట్టింది ప్రయోగం చేసేవాళ్ళు. మరి మీ ఇంట్లో మైసూర్‌పాక్ డబ్బాను కళ్ళెదుట పెట్టిందెవరు?