పెడతలకు ఐ.ఎస్.ఐ. ముద్ర కోరుతూ

భారతీయ ప్రమాణాల సంస్థ అధికారులకు,
మానక్ భవన్, ఢిల్లీ.

విషయం: ఇంటి క్షవరానికి వాడే సామాన్లకు ప్రమాణాలు నిర్ణయించవలసిందిగా విన్నపం.

అయ్యా,

మాది కృష్ణగిరి జిల్లా, పోచంపల్లి తాలూకా, మత్తూరు. చీరల పోచంపల్లి కాదు, ఇది తమిళనాడుది. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం. జుట్టు మాత్రం రెండు భాషల్లోనూ ఒకే వేగంతో పెరుగుతుంది.

2024 మార్చిలో కేంద్రం స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు మీ ముద్ర తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. సంతోషం. కానీ స్టీలు గిన్నెల కోసం మీరు రాసిన ఐ.ఎస్. 14756 లోహం గురించీ పనితనం గురించీ చెబుతుందే గాని, అదే గిన్నెను పిల్లవాడి నెత్తిన బోర్లించి అంచు వెంట కత్తెర నడిపేటప్పుడు చెవి ఎంత దూరంలో ఉండాలో చెప్పదు. గిన్నెకున్న ఈ రెండో ఉద్యోగం మీ దాకా వచ్చినట్టు లేదు.

మిగతా సామాను కూడా చిత్తగించండి. దువ్వెనకు రబ్బరుబ్యాండుతో కట్టిన సగం బ్లేడు ఒకటుంది. దువ్వుతూ పోతే జుట్టు రాలుతుంది, బ్లేడు కాస్త వాలితే చర్మమూ వస్తుంది. కుట్టుమిషను కత్తెర గుడ్డ కోయడానికి పుట్టింది. జుట్టు దాని వాదరల మధ్య నుంచి జారిపోతుంది, నాలుగు వెంట్రుకలు తెగితే పది నలుగుతాయి. సెలూన్ కత్తెర అంత సన్నగా, తేలిగ్గా ఎందుకుంటుందో, చిటికెనవేలు ఆనించుకోవడానికి ఆ కొక్కెం ఎందుకో ఇది పట్టుకున్నాకే తెలుస్తుంది. గడ్డానికని కొన్న ట్రిమ్మరు చార్జింగు అయిపోవడానికి ఎప్పుడూ ఒకే సమయం ఎంచుకుంటుంది: ఎడమపక్క పూర్తయి కుడిపక్క మొదలుపెట్టబోయే ముందు. మెడకు నడుమ బొక్క చేసిన దినత్తంతి పేపరు. దానికి ప్రమాణం అక్కర్లేదు, బాగానే పనిచేస్తోంది.

ముందుభాగం ఎవరైనా ఎలాగో సర్దుకుంటారు. చిక్కంతా పెడతలతోనే. ముందొక అద్దం, వెనకొక అద్దం పెట్టుకున్నా కత్తెర ఎటు తిప్పాలో చేతికి బోధపడదు. ఆఖరికి బావమరిదిని పిలవాలి. పిలిస్తే పెళ్లినాటి బాకీలన్నీ అక్కడే తీరతాయి.

ఈ విద్య మాకు బాగా ముదిరింది 2020లో, కరోనా లాక్‌డౌన్ రోజుల్లో. ఏప్రిల్ 30న కేంద్రం ఇచ్చిన కరోనా జోన్ల జాబితాలో తమిళనాడు మొత్తానికి పచ్చ జిల్లా మాదొక్కటే. అయినా సెలూన్ తలుపు మూసే ఉంది. పల్లెల్లో మే 19న తెరవనిచ్చారు. జూన్ మొదట్లో రాష్ట్ర ప్రభుత్వం ఇంకో నియమం పెట్టింది: కటింగుకు వచ్చినవాడి పేరు, చిరునామా, ఫోను, ఆధార్ నంబరు రాసుకోవాలట. ఇంట్లో గిన్నె ఏ కార్డూ అడగలేదు, అందుకే దానికి అంత ఆదరణ.

చెడిపోయిన క్రాపుకు మనవాళ్లకు తాతలనాటి నుంచీ ఒక దారి ఉంది: గుండు. ఎదురుపడ్డవాడే “తిరుపతా?” అంటాడు, తలూపితే సరి. లడ్డూ ఏదని అడిగితేనే ఇబ్బంది. కానీ ఆ ఏడు తిరుమలలో మార్చి 20న దర్శనాలు ఆగి, మామూలు భక్తులకు జూన్ 11న గాని మళ్లీ మొదలు కాలేదు. ఆ నడిమికాలపు గుండ్లన్నీ సాకులేని గుండ్లు.

డబ్బున్నవాళ్లు చేస్తే ఇంటి క్షవరానికి గౌరవం వేరు. అమెరికాలో వాక్యూమ్ క్లీనరుకు తగిలించే ఫ్లోబీ అనే కటింగు సాధనం ఉంది. దానితోనే ఏళ్ల తరబడి తన జుట్టు తానే కత్తిరించుకుంటున్నానని నటుడు జార్జ్ క్లూనీ 2020లో టీవీలో చెబితే లోకం ముచ్చటపడింది. మత్తూరులో అదే పని చేస్తే పిసినారి అంటారు.

అయ్యా, మీరు ముందుగా విచారించవలసిన పాత కేసు ఒకటుంది. మా జిల్లా తొరపల్లిలో పుట్టిన రాజాజీకి వియ్యంకుడైన గాంధీగారిది. ప్రిటోరియాలో తెల్ల క్షురకుడు ఆయనకు కత్తిరించనన్నాడు. ఆయన క్లిప్పర్లు కొనుక్కొని అద్దం ముందు తానే కానిచ్చారు. ముందు కొంత కుదిరింది, పెడతల పాడైంది. కోర్టులో స్నేహితులు ఎలుకలు కొరికాయా అని నవ్వారు. ఆత్మకథలో ఇది రాస్తూ ఆయన ఆ క్షురకుణ్ణి తప్పుపట్టలేదు. నల్లవాళ్లకు చేస్తే వాడి బేరం పోతుంది, మన దేశంలో మనం మాత్రం అంటరానివారన్నవాళ్లకు మన మంగళ్లను చేయనిస్తున్నామా అని అడిగారు.

ఆ ప్రశ్నకు 1955లో చట్టం వచ్చింది. పౌరహక్కుల పరిరక్షణ చట్టం ‘దుకాణం’ అంటే ఏమిటో చెబుతూ కటింగు సెలూన్‌ను పేరుపెట్టి మరీ చేర్చింది. అయినా 2024లో మా పొరుగు ధర్మపురి జిల్లాలో, హరూరు దగ్గర, దళిత యువకులకు కటింగు చేయనన్నందుకు పోలీసులు అరెస్టులు చేయవలసి వచ్చింది. అక్కడ కత్తెర పట్టినవాడికీ ఊరి పెద్దకులాల బేరం పోతుందనే భయం ఉంటుంది, అతనూ ఆ ఊళ్లో బతకాలి. కానీ తల పెరిగినవాడు ఎక్కడికి పోవాలి? పక్క టౌనుకు బస్సెక్కాలి, లేదా అన్నచేత ఇంటి వెనక కత్తిరించుకోవాలి. 2020లో మేం కొన్ని వారాలు చేసి నవ్వుకున్న పని కొన్ని వాడల్లో తాతల నుంచీ జరుగుతోంది. అక్కడ దాన్ని ఎవరూ సరదా కింద చెప్పరు.

కాబట్టి నా విన్నపంలో గిన్నె సంగతి పక్కన పెట్టినా ఫర్వాలేదు. మీవాళ్లు బజారుకు పోయి, తామెవరో చెప్పకుండా సరుకు కొని పరీక్షిస్తారని విన్నాను. అదే పద్ధతిలో మా తాలూకాల సెలూన్లకు తల పెరిగిన మనుషులను, ఒక్కో వాడ నుంచి ఒక్కొక్కరిని పంపండి. కటింగు ఎలా వచ్చిందని చూడకండి, అందులో మా ఇళ్లకన్నా ఎవరైనా నయమే. కుర్చీలో కూర్చోబెట్టారా లేదా, అదే తువాలు కప్పారా లేదా, ఈ రెండే రాసుకోండి. పరీక్షకు కావలసిన తలలు ఇక్కడ చాలా ఉన్నాయి. బస్సుచార్జీలు మాత్రం మీరే పెట్టుకోవాలి.

ఇట్లు,
మత్తూరు నుంచి ఒక పెడతల సొంతదారు