గింజల సంసారం

మా ఇంట్లో పాలు ఇప్పుడు మనుషుల కోసం రావడం లేదు. తెల్లారేసరికి తలుపు గొళ్లేనికి వేలాడే సంచీలో ఎన్ని ప్యాకెట్లు పడినా, మొదటి వాటా వంటగట్టు మీద గాజుసీసాలో కాపురముంటున్న కెఫిర్ గింజలది. రెండో వాటా మా ఆవిడ కాఫీది. మూడోది మా అమ్మ రాగిజావది. ఆపైన మిగిలితే, మిగిలినదాన్లో ఎవరికైనా గుర్తొచ్చి తోడు చుక్క వేస్తే, అది తోడుకుంటే, నాకు పెరుగు. ఇంటిపన్ను గడువులోగా కట్టేవాడు, గ్యాస్ బండ మార్చడం తెలిసినవాడు, పండగలూ తద్దినాలూ తప్పనివాడు అయిన ఒక గృహస్థు తన సొంత ఇంట్లో పెరుగన్నానికి వెయిటింగ్ లిస్టులో ఉన్నాడని లోకానికి తెలియజేసుకోవడమే ఈ విన్నపం పరమార్థం.

ఈ గింజల్ని ఇంకా చూడని అదృష్టవంతులు కొందరుంటారు. తెల్లగా, బొడిపెలు బొడిపెలుగా, వేలితో నొక్కితే సాగే చిన్న ముద్దలు. లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా నానా జాతులవి, వాటితోపాటు ఈస్టు, అందరూ కలిసి తమ చుట్టూ తామే అల్లుకున్న కెఫిరాన్ అనే జిగురు, ఇదీ లోపలి సంగతి. నికార్సైన ఉమ్మడి కుటుంబం. ఒకరు పాలలోని లాక్టోజు తింటారు, ఇంకొకరు పులుపు చేస్తారు, మరొకరు గ్యాసు వదులుతారు, వాటాల తగువు మాత్రం రాదు. మన ఇంటి పెరుగులో ఇంత జనాభా ఉండదు, ఈస్టుకి అక్కడ ఉద్యోగం లేదు. కాబట్టే పెరుగు మర్యాదగా గడ్డకట్టి ఊరుకుంటుంది. కెఫిర్ పల్చగా, పుల్లగా, నాలుక మీద చిటపటలాడుతుంది. అతిస్వల్పంగా ఆల్కహాలు కూడా పుడుతుంది. ఈ చివరి ముక్క మా అమ్మ చెవిన వేస్తే ఆ సీసా ఆ పూటే గుమ్మం దాటుతుందని ఆశపడ్డాను. "తరవాణి తాగి పెరిగినవాడివి, నువ్వు నాకు చెప్పొచ్చావా?" అని జపమాల అందుకుంది.

వీటి సేవకి నియమాలున్నాయి. చెంచాడు గింజలకి గ్లాసుడో గ్లాసున్నరో పాలు. కాచిన పాలైతే పూర్తిగా చల్లారాలి. పెరుగుకి కావలసిన గోరువెచ్చదనం కూడా వీరికి అక్కర్లేదు, వేడి తగిలితే ప్రాణానికే ముప్పు. మూత బిగించకూడదు, గ్యాసు పోయే దారి ఉండాలి, గుడ్డ కట్టి రబ్బరు బ్యాండు వేయాలి. ఇరవై నుంచి పాతిక డిగ్రీల వేడిలో ఒక రోజుంచి, వడకట్టి, గింజల్ని మళ్లీ కొత్త పాలల్లో వేయాలి. కాకసస్ కొండల వాతావరణానికి పుట్టిన లెక్క ఇది. హైదరాబాదులో మే నెల వేడి నలభై దాటుతుంది. పొద్దున పోసిన పాలు సాయంత్రం కాఫీ వేళకే పైన గడ్డ, కింద తేట అయి కూర్చుంటాయి. అందుకని వేసవిలో ఆ సీసాని నీళ్ల పళ్లెంలో నిలబెట్టి, చుట్టూ తడిగుడ్డ చుట్టి, ఇంట్లోకెల్లా చల్లని మూల, అంటే నేను పడక్కుర్చీ వేసుకునే మూల, దానికి కేటాయించారు. కుర్చీ బాల్కనీలోకి వెళ్లింది. కుర్చీతోపాటు నేనూ.

ఇంతటితో ఆగినా సర్దుకుపోయేవాణ్ణి. కానీ వీటికి సంతానం మెండు. చెంచాడు గింజలు కొన్ని వారాలకి గుప్పెడవుతాయి. గుప్పెడు గింజలకి చెంబుడు పాలు కావాలి. చెంబుడు పాలు పోస్తే చెంబుడు కెఫిర్ దిగుతుంది. అంతా తాగే నాథుడు లేడు. పారబొయ్యడానికి మా అమ్మ ఒప్పుకోదు, అన్నమూ పాలూ పారబొయ్యని వంశం. ఇక మిగిలిన దారి వంటలోకి మళ్లించడం. రోజువారీ వంటలో కెఫిర్ ఎన్ని రకాలుగా వాడొచ్చో చెబుతూ మురిసిపోయేవాళ్లందరినీ ఒక్కటే అడుగుతాను. ఇది మీ నాలుక కోరిందా, మీ ఫ్రిజ్జు కోరిందా?

పంచిపెట్టే ప్రయత్నం కూడా జరిగింది. వీటి పుట్టిల్లు కాకసస్‌లో, ఎల్బ్రస్ కొండ చుట్టుపట్ల, కరచాయ్, బాల్కార్ జనం ఈ గింజల్ని ప్రవక్త ప్రసాదించిన సొత్తుగా భావించి, పరాయివాళ్లకి ఇస్తే మహిమ పోతుందని దాచుకునేవారట. పాలూ గింజలూ తోలుసంచీలో పోసి గుమ్మం దగ్గర వేలాడదీస్తే, వచ్చేపోయే ప్రతివాడూ దాన్నొక తోపు తోసి కదిలించేవాడట. 1908 ప్రాంతంలో కెఫిర్ మాస్కోలో సీసాల్లో అమ్మకానికి వచ్చిందని చెబుతారు. దాని వెనక ఒక కథ ఉంది. ఇరీనా సఖరోవా అనే యువతిని గింజల కోసం ఆ కొండల్లోకి పంపారనీ, అక్కడి ప్రభువు ఆవిణ్ణి ఎత్తుకుపోయాడనీ, తర్వాత విచారణలో ఆవిడ నగానట్రా కాదని నష్టపరిహారంగా గింజలే అడిగి పుచ్చుకుందనీ. అంత కష్టపడితే గాని దొరకని గింజలు మా అపార్టుమెంటులో అడక్కుండానే దొరుకుతాయి. లిఫ్టులో మా ఆవిడ చేతిలో చిన్న డబ్బా కనిపిస్తే చాలు, జనం మెట్లెక్కి పోతున్నారు. చల్లకొచ్చి ముంత దాచే రోజులు పోయాయి. ఇప్పుడు ముంత చూపిస్తే తలుపులు మూస్తున్నారు.

అసలు వీటిని మా కొంపలోకి తెచ్చింది పై అంతస్తులో ఉండే ఆవిడ. నేను ఎదురుపడినప్పుడల్లా మెచ్నికోవ్ పేరు చెబుతుంది. "నోబెల్ బహుమతి వచ్చిన సైంటిస్టు అన్నయ్యగారూ, రోజూ పులిసిన పాలే తాగేవాడట!" నిజమే. పారిస్‌లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని, పులిసిన పాలు ఆయుష్షు పెంచుతాయని ఊరూవాడా చాటినవాడే. అయితే 1908లో ఆయనకి నోబెల్ ఇచ్చింది రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి, అదీ పాల్ ఎర్లిష్‌తో కలిపి. ఆయన మెచ్చుకున్నది ముఖ్యంగా బల్గేరియా వాళ్ల పెరుగుని, అంటే నా పక్షం సాక్షి. పైగా డెబ్బై ఒక్క ఏళ్లకే పోయాడు. మా మామ్మ నోబెల్ ఊసెరగకుండా చద్దన్నం తిని, చల్ల తాగి అంతకన్నా చాలాకాలం బతికి, పోయేముందు రోజు కూడా కోడళ్లని తిట్టింది.

న్యాయంగా మాట్లాడాలి గనక, ఈ సీసా ఎక్కడ పనికొచ్చిందో కూడా చెబుతాను. మైసూర్ బొండాల్లో. మైదా, పుల్లటి పెరుగు, వంటసోడా అని మన హోటళ్ల లెక్క కదా. పెరుగు బదులు కెఫిర్ పోసి కలిపింది మా ఆవిడ. పులుపుకి సోడా తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుట్టడం ఎలాగూ ఉంది, దాని పైన కెఫిర్‌లోని బుడగలు వేరే. పిండి గిన్నెలోనే ఉబ్బింది. నూనెలో వేస్తే గుండ్రంగా తిరిగి, పైన కరకరలాడి, లోపల గుల్లగా వచ్చాయి. రష్యావాళ్లు ఇదే కిటుకుతో కెఫిర్, పిండి, సోడా చిక్కగా కలిపి ఒలాద్యి అనే చిన్న చిన్న అట్లు వేసుకుని, జామూ మీగడా అద్దుకుని తింటారు. అల్లప్పచ్చడి తెలియని జాతి, ఏం చేస్తారు పాపం. బొండాల మీద నాకు ఫిర్యాదు లేదు. మొహం మాత్రం గంభీరంగానే పెట్టుకుని తిన్నాను. ఎందుకంటే ఈ ఇంట్లో ఒక వంటకం బావుందంటే నెల్లాళ్లు అదే వస్తుంది.

రవ్వదోసెలూ బాగానే ఉన్నాయి, చల్ల పునుకులూ అంతే. గుడ్డలో మూటగట్టి రాత్రంతా వేలాడదీస్తే దిగిన చిక్కటి ముద్దలో ఉప్పు, మిరియాలు, కొత్తిమీర కలిపి రొట్టెకి రాసుకోవచ్చు. కారిన తేటతో చపాతీ పిండి కలిపితే మెత్తగా వస్తాయి. కోడిముక్కలకి ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లితోపాటు పట్టించి నాలుగైదు గంటలుంచితే ఆ పులుపుకి మాంసం మెత్తబడుతుంది. రాత్రంతా ఉంచితే మరీ మెత్తబడి పిప్పవుతుంది, అదీ చూశాం. బిర్యానీలో మాత్రం వద్దు. కెఫిర్ పల్చన, నీళ్లు ఊరి దమ్ము కాస్తా గంజి అవుతుంది. వడగట్టి గట్టిపరిచి వేస్తానంటోంది మా ఆవిడ. హైదరాబాదులో ఉంటూ ఇలాంటి మాటలు కిటికీ తలుపులు తీసి అనకూడదని హెచ్చరించాను.

లిథువేనియాలో బీట్రూటు, కీరదోస, సోయకూర వేసి కెఫిర్‌తో గులాబీరంగు చల్లని సూపు చేసి, పక్కన వేడి బంగాళాదుంపలు పెట్టుకుని తింటారని ఎక్కడో విని, మా ఇంట్లో దానికి ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టారు. బీట్రూటు పెరుగుపచ్చడి అయింది. అది బావుంది. ఆ దేశానికి ఎవరైనా తాలింపు గరిట పంపించాలి.

నేరాలకొస్తే మొదటిది మజ్జిగపులుసు. కెఫిర్‌ని నేరుగా మరిగిస్తే విరుగుతుంది. పులుపూ వేడీ కలిస్తే పాలలోని కేసీన్ ముద్దకడుతుంది, అది దాని ధర్మం. శనగపిండి ముందుగా కలిపి, సన్నటి సెగ మీద తిప్పుతూ ఉంటే నిలుస్తుంది. నిలిచింది కూడా. నా అభ్యంతరం రుచి గురించి కాదు, తర్కం గురించి. ఇందులో కోట్లాది సూక్ష్మజీవులున్నాయి, సజీవంగా కడుపులోకి వెళితే మహోపకారం చేస్తాయి అని చెప్పి కదా నా కుర్చీ బాల్కనీలోకి నెట్టారు! తీరా వాటిని సొరకాయ ముక్కలతో కలిపి కుతకుత ఉడికిస్తే బతికేవెన్ని? బొండాల మూకుడులో మిగిలేవెన్ని? ఈ ప్రశ్న వేశాను. "పులుపు చావదు కదండీ" అంది మా ఆవిడ, గరిట తిప్పుతూనే. అయితే ఆ పులుపేదో పెరుగే ఇస్తుంది, దానికి నలభై నియమాల సంసారం దేనికని అడిగితే, "పెరుగు వేడిచేసినా అంతేగా, అప్పుడెప్పుడైనా అడిగారా?" అంది. ఈవిడ లా చదవకపోవడం రాష్ట్రం చేసుకున్న అదృష్టం.

రెండో నేరం దద్దోజనం. దీనికి క్షమాపణ లేదు. పెరుగన్నమంటే చెంచాతో కోస్తే ముక్కగా లేచే గడ్డపెరుగు, పైన మీగడ, పక్కన మాగాయ టెంక. కెఫిర్‌లో ఈస్టు వాసన వస్తుంది, అన్నంలో కలిపాక కూడా అది పని ఆపదు. పొద్దున కలిపిన దద్దోజనం మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే బుస్సుమంది. అల్లం, ఇంగువ, మిరియాలు అన్నీ ఉన్నాయి. అన్నం మాత్రం నామీద కోపంగా ఉంది.

ఇంత జరిగినా నాకో ధైర్యం ఉండేది. మా అమ్మ. కవ్వంతో చల్ల చిలికిన తరం, ఏదో ఒకనాడు ఈ సీసా సంగతి తేలుస్తుందనుకున్నాను. మే నెలలో ఒకరోజు కెఫిర్ మరీ పులిసి, ఎవరూ నోట పెట్టలేని స్థితికి వచ్చింది. మా ఆవిడ తలపట్టుకుంది. నేను మనసులో మంగళహారతి పాడుకుంటున్నాను. మా అమ్మ వచ్చి, వేలు ముంచి నాకి చూసి, "ఊరమిరపకాయలకి ఇంతకన్నా ఏం కావాలే!" అంది. పచ్చిమిరపకాయలు తెప్పించింది. నిలువునా చీరి, ఉప్పు, వాము కలిపిన కెఫిర్‌లో రాత్రంతా నానబెట్టి, పగలు ఎండలో, రాత్రి మళ్లీ అదే పులుపులో, అలా ఆ ద్రవమంతా కాయలు పీల్చుకునేదాకా తిప్పి, గలగలమనేదాకా ఎండబెట్టింది. ఆ ఎండబెట్టడం ఎక్కడ? బాల్కనీలో. నా కుర్చీ మీద చాప పరిచి. వేయించి ముద్దపప్పులోకి పెట్టింది. పెరుగులో నానినవాటికన్నా పులుపు లోపలిదాకా పట్టింది. నేను సత్యం తప్పలేను, రెండోసారి వడ్డించుకున్నాను. అత్తాకోడళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాతికేళ్లలో వాళ్లిద్దరూ ఏకాభిప్రాయానికి రావడం నేను ఎరగను. వచ్చారు, నామీద.

ఇక యుద్ధం అనవసరమనిపించి సంధిషరతులు కాగితం మీద పెట్టాను. పెరుగుకి పాలు ముందుగా తీసిపెట్టాలి, గింజలు ఆ తర్వాతే. దద్దోజనం జోలికి రాకూడదు. గింజలు గుప్పెడు దాటితే మిగతావి కడిగి, నీడన ఆరబెట్టి, పాలపొడిలో దాచాలి, లేదా మొక్కల కుండీల్లో వెయ్యాలి, అంతేగాని సీసాకి తోడుగా ఇంకో సీసా దిగకూడదు. ఊరెళ్లేటప్పుడు కొత్తపాలు పోసి ఫ్రిజ్జులో పెడితే వారం పాటు నిద్రపోతాయి గనక, వాటి కోసం ఏ ప్రయాణమూ మానకూడదు. కుర్చీ లోపలికి రావాలి. బొండాలు వారానికోసారి.

మా ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. అన్నిటికీ ఒప్పుకుంది. సంతకం పెట్టబోతూ ఆగి, కింద ఒక్క వాక్యం తన చేత్తో చేర్చింది: రోజూ పొద్దున్నే గింజలు వడకట్టి కొత్తపాలు పోసే పని ఇకమీదట ఫిర్యాదుదారుడిది.