సున్నా ఎర్రర్

మోమిన్‌పేట బస్సులో ఫోన్ మాట్లాడుతూ పోతే దారిలో మాట తెగుతోందని మర్పల్లి జనం గోల. చూసి రమ్మని పెద్ద ఇంజనీరునీ, కొత్తగా చేరిన కుర్రవాణ్ణీ పంపారు.

మర్పల్లి టవర్ మీది జీపీఎస్ యాంటెనా వైరును కోతులు ఎప్పుడో తెంపేశాయి. అప్పటినుంచి బేస్ స్టేషన్ తనలోని క్వార్ట్జ్ గడియారాన్నే నమ్ముకుని నడుస్తోంది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర దానికి 45 హెర్ట్జ్ మించి పక్కకు జరిగే హక్కు లేదు. అంటే రెండు కోట్లలో ఒక వంతు. మీటర్ తగిలిస్తే 600 హెర్ట్జ్ తేడా చూపించింది. అయితే ఆ మీటర్ లోపలి గడియారానికే పది లక్షల్లో ఒక వంతు అటూ ఇటూ. అదే ఒక 900 హెర్ట్జ్. తప్పు టవర్‌దా, మీటర్‌దా?

"జీపీఎస్ మీద లాకయ్యే రిఫరెన్స్ డబ్బా కావాలె సార్. లేకుంటే రుబీడియంది. చూసేటిది టవర్ కన్న పదింతలన్న సక్కగుండాలె గదా," అన్నాడు కుర్రవాడు.

"గా డబ్బా కోసం మళ్ల హైదరాబాద్ పోవుడేంది తమ్మీ?"

బేస్ స్టేషన్ ముందు భాగంలో 10 మెగాహెర్ట్జ్ సాకెట్ ఒకటి కనిపించింది. పెద్దాయన అక్కడినుంచి మీటర్ వెనక్కి ఒక కేబుల్ వేశాడు. అంకెలు కాసేపు తడబడి నిలిచాయి. ఎర్రర్: 0.

మాడ్యులేషన్ చూడ్డానికైతే ఆ కేబుల్ తప్పేం కాదు, చాలామంది వాడతారు. ఫ్రీక్వెన్సీకే అక్కరకు రాదు.

"రాయిని అదే రాయితోని తూచినట్టున్నది సార్!"

"రిపోర్టుల సున్నా రాయి. ఆఖరు బస్సుకు టైమైతున్నది."

మర్నాడు కుర్రవాడు డబ్బా తెచ్చుకుని ఒక్కడే మోమిన్‌పేట వెళ్లాడు. డబ్బా వేడెక్కి, ఉపగ్రహాలు దొరికి, లాక్ లైటు వెలిగేదాకా కూర్చుని కొలిచాడు. 11 హెర్ట్జ్. దివ్యంగా ఉన్నట్టే. అదే రాశాడు.

పై ఆఫీసులో రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకున్నారు. మర్పల్లి 0, మోమిన్‌పేట 11. దోషి ఎవరో తేలిపోయింది. రెండు టవర్లనూ ఒకే మీటర్‌లో చూస్తూ, మోమిన్‌పేట వచ్చి మర్పల్లి మీద కూర్చునేదాకా తిప్పమని హుకుం. అందుకోసం మోమిన్‌పేట జీపీఎస్ వైరు పీకాల్సి వచ్చింది. ఈసారి కోతులకు శ్రమ లేకుండా మనుషులే పీకారు.

చిత్రమేమిటంటే, బస్సులో మాట తెగడం ఆగిపోయింది. పెద్దాయనకు ప్రశంసాపత్రం వచ్చింది.

కొన్నాళ్లకు మోమిన్‌పేటకూ వికారాబాద్‌కూ నడుమ తెగడం మొదలైంది. కుర్రవాడు మళ్లీ డబ్బా మోసుకెళ్లి వికారాబాద్ టవర్‌ను కొలిచాడు. 7 హెర్ట్జ్. ఆ ఊపులో మోమిన్‌పేటనూ కొలిచి, అది 600 హెర్ట్జ్ దాకా పక్కకు పోయిందనీ, మర్పల్లిని కూడా ఇదే డబ్బాతో చూడాలనీ ధైర్యం చేసి రాశాడు.

వారం తిరక్కుండా జవాబొచ్చింది.

"మర్పల్లి, మోమిన్‌పేట టవర్లు రెండూ ఒకే మాట మీదున్నందున వికారాబాద్‌ను వాటికి అనుగుణంగా సవరించగలరు. మీ వద్దనున్న జీపీఎస్ డబ్బాను మర్పల్లి టవర్‌తో సరిచూసి, తేడా ఉన్నట్లయితే వెంటనే రిపేరుకు పంపగలరు."