ఐదింటికే బువ్వ

నారాయణఖేడ్‌కు సముద్రం లేదు. దగ్గర్లో మంజీర ఉంది, అదీ వానలు దయ తలిస్తేనే. అలాంటి ఊరి అవ్వ పోయిన డిసెంబరులో అండమాన్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు దగ్గరికి బయల్దేరింది. పెట్టెలో చీరలకన్నా జొన్నపిండి బరువు. విమానాశ్రయంలో తూకం మించిందంటే రెండు చీరలు తీసి చేతిసంచిలో కుక్కింది గానీ, పిండి జోలికి ఎవర్నీ రానివ్వలేదు.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు. ఇంట్లో ఆ పేరుతో పిలిచేది అవ్వ ఒక్కతే. పాత పేరు ఆమెకు నోరు తిరగదు.

మొదటి పేచీ సూర్యుడితో వచ్చింది. ఖేడ్‌కూ ఆ దీవికీ మధ్య రేఖాంశం తేడా దాదాపు 15 డిగ్రీలు, అంటే పొద్దు లెక్కలో గంట. గడియారం మాత్రం రెండుచోట్లా ఒకటే. అందుకని డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. పొద్దుగూకితే బువ్వ తినడం అవ్వకు అలవాటు. తినేసింది. తొమ్మిదింటికి మళ్లీ ఆకలైంది. "ఏంది కొడుకా, ఈడ ఒక్క దినానికి రెండు రాత్రులా?"

ఆదివారం సూర్యాస్తమయం చూద్దామని అందరూ చిడియా టాపుకు బయల్దేరారు. ఉత్త చేతులతో ఎట్లా పోతారని అవ్వ పొయ్యి ముందు కూర్చుని డజను రొట్టెలు కొట్టింది. తీరా చేరేసరికి ఐదున్నర. ఎదురొచ్చేవాళ్ల సెల్‌ఫోన్ లైట్లు తప్ప ఇంకేమీ కనబడలేదు. రొట్టెలు మాత్రం చీకట్లోనూ బాగున్నాయి.

అసలు తమాషా జంగ్లీఘాట్ చేపల మార్కెట్లో జరిగింది. ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చిన తెలుగువాళ్లు ఆ ఊళ్లో చాలామందే ఉన్నారు. తెలుగు చెవిన పడగానే అవ్వ మొహం వెలిగిపోయింది.

"గిదేం శాప బిడ్డా?"

"కోనెం. ఏటి, ఎంత తూచమంటావు?"

"రవ్వ లేదా?"

"ఏటి? రవ్వా? ఆ కిరాణా కొట్లో అడుగు."

ఖేడ్ తెలుగులో కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసి కాపురం చేస్తాయి. చేపలమ్మే ఆ అమ్మి తెలుగు సిక్కోలుది. రెండు తెలుగులూ కాసేపు కుస్తీ పట్టి, అలసిపోయి, చివరికి హిందీలో రాజీపడ్డాయి. దీవిలో అందరినీ కలిపేది ఎలాగూ ఆ భాషే. కిలోకు యాభై తగ్గింది కూడా.

ఇంకోరోజు రాస్ ద్వీపానికి వెళ్లారు. దానికి 2018లో నేతాజీ పేరు పెట్టారు. బ్రిటిషువాళ్ల శిథిలాల నడుమ, వాళ్లే తెచ్చి వదిలిన చుక్కల జింకలు మనుషులకు బెదరకుండా తిరుగుతుంటాయి. జనమంతా ఫొటోలు తీసుకుంటున్నారు. కంది చేను కాపలా కాసిన ప్రాణం ఊరుకుంటుందా? "హూష్! హూష్!" అని కొంగు విసిరింది. జింకలు కదల్లేదు. ఫొటోల వాళ్లే పక్కకు జరిగారు.

తిరుగు ప్రయాణంలో పెట్టె తేలికే గానీ, తనిఖీ దగ్గర ఓ తెల్లటి గరుకు రాయి బయటపడింది. ఒడ్డున ఏరుకున్న పగడపు ముక్క. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం చచ్చిన పగడాన్ని కూడా పట్టుకెళ్లకూడదు. దండ చేయిస్తుందేమో అనుకున్నాడు కొడుకు.

"మడిమెలు రుద్దుకుందామని తీస్కున్న," అంది అవ్వ.

ఖేడ్ చేరిన రోజు సాయంత్రం ఐదింటికే కంచం ముందేసుకుని కూర్చుంది. వాకిట్లో ఇంకా ఎండ కాస్తోంది.